కచేరీ జ్ఞాపకాలు దాచే స్టార్టప్‌లో తొలి ఉద్యోగం: చేరవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ చేసి, నిరుడు లండన్‌లో డేటా సైన్స్ ఎంఎస్సీ పూర్తిచేసింది. ఇప్పుడు చదువయ్యాక అక్కడే పనిచేసుకోనిచ్చే రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా మీద ఉంది. సంగీతాభిమానులు తాము చూసిన కచేరీల టికెట్లు, ఫొటోలు, ఆ రోజు పాడిన పాటల జాబితా ఒకచోట దాచుకునే యాప్ నడుపుతున్న ఒక చిన్న స్టార్టప్ ఆమెకు ఏడాదికి 36 వేల పౌండ్ల జీతం, కొన్ని షేర్ ఆప్షన్లు (ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ వాటాలను తర్వాత కొనుక్కునే హక్కు) ఇస్తామంటోంది. ఒక బీమా కంపెనీ 43 వేలు ఇస్తామంటోంది. ఆమె మనసు మొదటిదాని మీదే ఉంది. విద్యారుణం వాయిదాలు వచ్చే ఏడాది మొదలవుతాయి. ఏం చెప్పమంటారు? (ఒక తండ్రి, రాజమహేంద్రవరం)

జవాబు: ఆ కంపెనీ నిలుస్తుందో లేదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. అయితే ఈ రకం వ్యాపారం ఎంతవరకు పెరుగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఇంతకుముందు ఇదే దారిలో నడిచినవారి చరిత్ర చూస్తే చాలావరకు తెలుస్తుంది.

ముందుగా, ఆ యాప్ తీర్చే అవసరం నిజమైనదేనని ఒప్పుకోవాలి. ఒకప్పుడు కచేరీకి వెళ్లివచ్చినవారు చిరిగిన టికెట్ ముక్కను ఏళ్ల తరబడి భద్రంగా దాచుకునేవారు. ఇప్పుడు టికెట్ ఫోన్‌లోనే ఉంటోంది. టికెట్లు అమ్మే పెద్ద సంస్థ టికెట్‌మాస్టర్ 2019లో తెచ్చిన పద్ధతిలో బార్‌కోడ్ క్షణక్షణం మారుతూ ఉంటుంది కనుక దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకున్నా ప్రవేశానికి పనికిరాదు, కచేరీ ముగిశాక చేతిలో మిగిలేదీ ఏమీ ఉండదు. ఆ లోటును పూడ్చాలనుకోవడం తెలివైన ఆలోచనే. అయితే అభిమానులకు నచ్చడం, కంపెనీకి డబ్బు రావడం ఒకటి కావు.

దీనికి సాంగ్‌కిక్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2007లో ముగ్గురు కలిసి లండన్‌లో ప్రారంభించిన ఈ సంస్థ, రాబోయే కచేరీల సమాచారం ఇవ్వడంతోపాటు, తాము చూసిన కచేరీలన్నిటినీ అభిమానులు గుర్తుపెట్టి దాచుకునే వీలు కల్పించింది. అభిమానులు ఆదరించారు, 2012లో సెకోయా వంటి పెద్ద పెట్టుబడి సంస్థ ముందుకొచ్చింది. అంత ఆదరణ ఉన్నా ఆ సంస్థ జ్ఞాపకాల దగ్గరే ఆగిపోలేదు, 2015లో క్రౌడ్‌సర్జ్ అనే టికెట్ల కంపెనీతో విలీనమైంది. అక్కడే పెద్దవాళ్లతో పోటీ మొదలైంది. అదే ఏడాది చివర్లో కచేరీలు నిర్వహించే లైవ్ నేషన్, దాని అనుబంధ సంస్థ టికెట్‌మాస్టర్‌ల మీద కోర్టుకెక్కింది. 2017 జులైలో కచేరీల యాప్‌ను, సాంగ్‌కిక్ పేరును వార్నర్ మ్యూజిక్ అనే పెద్ద సంగీత సంస్థ కొనుక్కుంది. అక్టోబరులో టికెట్ల విభాగం మూతపడింది. 2018 జనవరిలో లైవ్ నేషన్ 11 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. తన పోటీదారు క్రౌడ్‌సర్జ్ కంప్యూటర్లలోకి అక్రమంగా చొరబడినందుకు టికెట్‌మాస్టర్ 2020 డిసెంబరులో కోటి డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. అంటే న్యాయం కొంత దక్కింది, కానీ అప్పటికి ఆ టికెట్ల వ్యాపారమే లేదు. ఆ తర్వాత 2025 నవంబరులో, కృత్రిమ మేధతో పాటలు తయారుచేసే సూనో సంస్థ వార్నర్ నుంచి సాంగ్‌కిక్‌ను కొనేసింది.

ఏ కచేరీలో ఏ పాటలు ఏ వరుసలో పాడారో అభిమానులే నమోదుచేసే సెట్‌లిస్ట్ ఎఫ్ఎం కథ ఇంకా చిన్నది. అది లైవ్ నేషన్ చేతిలోకి వెళ్లింది.

ఈ రెండు చరిత్రలను బట్టి నాకు తోచేది ఇది. సగటు మనిషి ఏడాదికి ఎన్ని కచేరీలు చూస్తాడు? మన ఇళ్లలో పెళ్లి ఆల్బమ్‌ను మొదటి నెలంతా తిరగేసి తర్వాత బీరువాలో పెట్టేసినట్టే, ఈ యాప్‌ను కూడా కచేరీ మర్నాడు ఉత్సాహంగా తెరిచి, మళ్లీ ఇంకో కచేరీ దాకా మరిచిపోతారు. కాబట్టి ఎంతమంది చేరారన్న అంకెను చూసి మురిసిపోకుండా, కచేరీ లేని నెలలో ఎంతమంది తిరిగి వస్తున్నారో, అందులో డబ్బు కట్టేవారెందరో మీ అమ్మాయి అడగాలి. ఈ ప్రశ్న ఇంటర్వ్యూలో అడిగితే బాగుండదేమోనని చాలామంది పిల్లలు మొహమాటపడతారు. పదిమంది కూడా లేని కంపెనీలో ఆ మాట అడగని అభ్యర్థినే వ్యవస్థాపకులు తక్కువగా చూస్తారు.

ఇక పని విషయానికొస్తే, డేటా సైన్స్ చదివినవారికి ఇక్కడ దొరికే పని బీమా కంపెనీలో దొరకకపోవచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. గాయని కేట్ బుష్ 1979లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఓడియన్‌లో పాడారు, మళ్లీ 2014లో ఈవెంటిమ్ అపోలోలో 22 రాత్రులు పాడారు. ఈ రెండూ ఒకే భవనం. మధ్యలో పేరు మాత్రం పలుమార్లు మారింది. ఒక అభిమాని పాత టికెట్‌ను ఫొటో తీసి ఎక్కిస్తే, దాని మీది పేరును ఇప్పటి వేదికతో కలపాలి, తేదీ సరిచూడాలి, ఒకే పేరుతో ఉన్న రెండు బృందాలను వేరుచేయాలి, ముగ్గురు మూడు రకాలుగా రాసిన పాటల వరుసల్లో ఏది నమ్మాలో తేల్చాలి. చిందరవందరగా వచ్చిన సమాచారాన్ని ఒక దారికి తెచ్చే ఈ నేర్పు బ్యాంకులు, ఆస్పత్రులు, ఇంటర్నెట్ వ్యాపార సంస్థలు అన్నిటికీ కావాలి. అన్నట్టు, 2014 కచేరీలకు వచ్చినవారిని ఫోన్లతో ఫొటోలు, వీడియోలు తీయవద్దని ఆమె కోరారు. అటువంటి రాత్రులకు ఈ యాప్ ఏం దాచిపెడుతుందన్నది నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న.

వీసా సంగతి మాత్రం మనసుకు వదిలేసేది కాదు. గ్రాడ్యుయేట్ వీసా పొడిగించడానికి వీలుండదు. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసా కావాలంటే కంపెనీకి స్పాన్సర్ లైసెన్సు (విదేశీయులను ఉద్యోగంలో పెట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఉండాలి, చిన్న స్టార్టప్‌లలో చాలావాటికి అది ఉండదు. 2025 జులై నుంచి ఆ వీసాకు సాధారణంగా ఉండాల్సిన కనీస వార్షిక జీతం 41,700 పౌండ్లు. మీ అమ్మాయిలా చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవారికి 33,400 పౌండ్లు, లేదా ఆ ఉద్యోగానికి ప్రభుత్వం నిర్ణయించిన జీతంలో 70 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది వర్తిస్తుంది. 36 వేలు 33,400ను దాటింది. 70 శాతం లెక్కను దాటుతుందో లేదో ఆమె ఉద్యోగానికి ఏ వృత్తి కోడ్ (ఉద్యోగాల రకాలకు ప్రభుత్వం ఇచ్చిన సంఖ్య) వేస్తారన్నదాని మీద ఉంటుంది. ఈ రాయితీ కూడా గ్రాడ్యుయేట్ వీసా కాలంతో కలిపి నాలుగేళ్లకు మించి ఉండదు.

షేర్ ఆప్షన్లను రుణం లెక్కలో అసలు కలపకండి. సాధారణంగా మొదటి ఏడాది నిండేదాకా ఒక్కటీ చేతికి రాదు, మొత్తం దక్కడానికి నాలుగేళ్లు పడుతుంది. కంపెనీ అమ్ముడైనా తరచుగా పెట్టుబడిదారుల వాటా తీరాకే ఉద్యోగుల వంతు వస్తుంది.

నా అభిప్రాయం ఇది. స్పాన్సర్ లైసెన్సు ఇప్పటికే ఉండి, కనీసం ఏడాదిన్నరకు సరిపడా నిధులు చేతిలో ఉన్నాయని వ్యవస్థాపకులు లెక్క చూపిస్తే, లండన్ అద్దె పోగా మిగిలే సొమ్ముతో వాయిదా కట్టగలిగితే, ఆమెను చేరనివ్వండి. లైసెన్సుకు దరఖాస్తు చేస్తామని నోటిమాటగా అంటే మాత్రం బీమా కంపెనీ ఆఫరే తీసుకోమనండి, అయితే అక్కడా వీసా స్పాన్సర్ చేస్తారా లేదా అన్నది ముందే కనుక్కోవాలి. లైసెన్సు ఉన్న సంస్థల జాబితాను బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. రెండు కంపెనీల పేర్లూ అందులో ఉన్నాయో లేదో ఈ రాత్రే చూడమని ఆమెకు చెప్పండి.