రిటైర్మెంట్ డబ్బుతో మందిరం కట్టొచ్చా?

ప్రశ్న: మాది భూపాలపల్లి. సింగరేణిలో 34 ఏళ్లు చేసి ఈ మధ్యే రిటైరయ్యాను. వయసు 61. సీఎంపీఎఫ్ (బొగ్గు గని కార్మికుల భవిష్య నిధి), గ్రాట్యుటీ కలిపి 41 లక్షలు వచ్చాయి. పెన్షన్ నెలకు 14 వేలు. మా డాబా మీద నాలుగేళ్లుగా ఆదివారం ప్రార్థన నడుస్తోంది, 35 కుటుంబాలు వస్తాయి. ఎండాకాలం కూర్చోలేకపోతున్నాం. మందిరం కడదామని ఊరి చివర 180 గజాల జాగా చూశాను, గజం 11 వేలు. షెడ్డు, బోరు, కరెంటుకు 7 లక్షలు అవుతాయన్నారు. బిడ్డ పెళ్లికి ఈ ఏడాదే 10 లక్షలు కావాలి. డాలస్‌లో ఉన్న మా బావ కొడుకు 5 లక్షలు పంపుతానంటున్నాడు. మా ఆవిడ మాత్రం భయపడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, ముందు వదిన భయాన్ని కాగితం మీద పెట్టి చూశాను. జాగాకు 19 లక్షల 80 వేలు. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం లెక్కన దాదాపు లక్షన్నర. షెడ్డుకు 7, పెళ్లికి 10. అన్నీ పోగా మీ చేతిలో మిగిలేది 2 లక్షల 70 వేలు. బొగ్గు పెన్షన్‌కు డీఏ లేదు, ఇవాళ 14 వేలంటే పదేళ్ల తర్వాత కూడా 14 వేలే. వదిన భయపడటంలో తప్పేం లేదు.

దీనికంటే పెద్ద చిక్కు మీరు పంపిన నోటుబుక్కు ఫోటోల్లో కనిపించింది. జూన్ నుంచి ఆగస్టు వరకు ఆదివారాల కానుకలన్నీ కూడితే 31,450. అంటే నెలకు పది వేల ఐదు వందల దాకా. పరకాల నుంచి బండి మీద వచ్చే దైవసేవకుడికి నెలకు నాలుగు వేలు ఇస్తున్నారు, పెట్రోలు అందులోనే. ఒక పేజీలో ‘చాపలు 600’ అని రాసి కొట్టేసి, పక్కన ‘నా జేబు’ అని రాశారు. ఆ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. మందిరం లేచాక కరెంటు బిల్లు, మైకుసెట్టు రిపేరు, ఊడ్చే మనిషి, ఊళ్లోనే ఉండే దైవసేవకుడు అన్నీ కలిపి నెలకు 18 వేలకు తగ్గవు. వచ్చేది పదిన్నర. ఆ లోటు ఎవరూ మిమ్మల్ని అడగరు, మీరే ‘నా జేబు’ అని రాసుకుంటారు. ఏడాదికి 90 వేలు.

అందుకే నా సలహా ఇది: జాగా ఆఖరున. ముందు సంఘం, అంటే ప్రార్థనకు వచ్చే కుటుంబాలు, తన కాళ్ల మీద తాను నిలబడుతుందో లేదో చూడండి. ఏదైనా ప్రైవేటు స్కూల్లో హాలు ఆదివారం పూటకు అద్దెకు అడగండి, మీ దగ్గర నెలకు ఆరు వేలకు దొరకొచ్చు. ఆరు, నాలుగు కలిపితే పది వేలు. ఇప్పుడొస్తున్న కానుకలకు బొటాబొటిగా సరిపోతుంది. రెండేళ్లు మీ జేబు తాకకుండా ఇలా నడిస్తే అప్పుడు జాగా మాట మాట్లాడదాం.

తొందర దేనికి? మన పక్కనే డోర్నకల్ ఉంది. అజరయ్య గారు అక్కడ బిషప్ అయింది 1912లో, అక్కడి కెథడ్రల్ (బిషప్ గారి పెద్ద చర్చి) ప్రతిష్ఠ జరిగింది 1939లో. ఆ 27 ఏళ్లలో చుట్టుపక్కల పల్లెల్లో సంఘాలు పెరిగాయి. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి సంఘానికి దాచే అలవాటు మన పల్లెల్లో ఉండేది. మీ దగ్గర కైకిలికి పోయే ఆడవాళ్లు చాలామంది ఉన్నారని రాశారు. వాళ్లను నెలకింత అని అడగకండి. ఎవరికి ఎప్పుడు కుదిరితే అప్పుడు ఇవ్వనివ్వండి, రాయడం మాత్రం మానొద్దు.

ఇక 41 లక్షలు. పెళ్లికి 10 లక్షలు విడిగా ఎఫ్‌డీలో పెట్టండి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 20 లక్షలు వేయండి. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 41 వేలు వస్తాయి, చేరిన రోజు ఏ రేటు ఉంటే అయిదేళ్లూ అదే. ఆసుపత్రికి, అత్యవసరానికి 3 లక్షలు. ఇంటికి 3 లక్షలు (డాబా కురుస్తోందని మీరే రాశారు). మిగిలిన 5 లక్షలు దేవుడి పనికి. అప్పుగా వద్దు, కానుకగానే ఇవ్వండి, మూడేళ్లలో కొంచెం కొంచెంగా. ఆ అయిదు దాటి ఒక్క రూపాయి పెట్టాలన్నా వదిన సంతకం ఉండాలి.

జాగా కొనే రోజు వచ్చినా మీ పేరు మీద కొనకండి. కరీంనగర్ వైపు నుంచి ఒక కేసు నా దగ్గరికి వచ్చింది. పెద్దమనిషి తన పేరు మీదే జాగా కొని మందిరం కట్టాడు. ఆయన పోయాక కొడుకులు వాటా అడిగారు, మందిరానికి తాళం పడింది. కొడుకులను తిట్టి లాభం లేదు, కాగితం వాళ్ల వైపే ఉంది. కొన్నాక సంఘానికి గిఫ్ట్ చేద్దామంటే రెండోసారి డ్యూటీ కట్టాలి. కాబట్టి ముందే సొసైటీ రిజిస్టర్ చేయించండి. కనీసం ఏడుగురు సభ్యులుండాలి, ఏడుగురూ మీ ఇంటివాళ్లు కాకూడదు. దాని పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా, చెక్కు మీద రెండు సంతకాలు. చౌకగా వస్తుందని అసైన్డ్ భూమి (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి) జోలికి మాత్రం పోవద్దు, 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడమే చెల్లదు. నోటరీ కాగితం దాన్ని మార్చలేదు. వ్యవసాయ భూమైతే నాలా మార్పిడి (సాగు భూమిని వేరే అవసరానికి వాడుకునే అనుమతి) కావాలి. మందిరానికి ఇంటి పర్మిషన్ సరిపోదు, బయానా ఇచ్చేముందే మున్సిపాలిటీలో అడగండి.

డాలస్ అబ్బాయి సంగతి జాగ్రత్త. అతను అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే ఆ 5 లక్షలు విదేశీ విరాళం కిందికి వస్తాయి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా సంఘం ముట్టుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. మీ సొంత ఖాతాలో వేయించుకుని మందిరానికి మళ్లించడం అసలే వద్దు. మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న జగిత్యాల తమ్ముళ్లు ఇండియా పాస్‌పోర్టుతోనే ఉంటారు. వాళ్లు జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఈ బాధ లేదు.

80జి రసీదు (విరాళం ఇచ్చినవాళ్లకు పన్ను తగ్గించే రసీదు) ఇస్తామని ఎవరికీ మాటివ్వకండి, ఫక్తు మతపరమైన సంస్థకు అది రాదు. ఎవరైనా నగదు ఇస్తామంటే ఒకరి దగ్గర ఒక రోజులో 2 లక్షలో అంతకు మించో తీసుకోకూడదు. మిగతా పన్ను సంగతులు జాగా కొనే ఏడాది ఆడిటర్‌తో మాట్లాడుకోవచ్చు.

పత్తి అమ్మే రోజులొస్తున్నాయి, కానుకలు పెరుగుతాయి. ఆ మూడు నెలల లెక్కను చూసి మోసపోవద్దు, పన్నెండు నెలల సగటు తీయండి. సంక్రాంతి తర్వాత నోటుబుక్కు ఫోటోలు మళ్లీ పంపండి. అన్నట్టు, జూలైలో టీ ఖర్చు ఎక్కడా రాయలేదు. అది కూడా మీ జేబేనా?