ఒకే ప్లేటులో దోసె తింటాం.. ఆయనకేం కాదు, నాకే ఎందుకిలా?

ప్రశ్న: మాది మదనపల్లె. పెళ్లయ్యాక తొమ్మిదేళ్లుగా బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ఉంటున్నాం. నాకు 35, మా ఆయనకు 41 ఏళ్లు. వారమంతా ఇంటి వంటే. శని, ఆదివారాలు మాత్రం పొయ్యి వెలిగించం. పొద్దున దర్శినిలో (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్) టిఫిన్, మధ్యాహ్నం ఆంధ్రా మెస్, రాత్రి చాటో ఫ్రైడ్ రైసో. ఇద్దరికీ అదో సరదా. ఇబ్బందల్లా నా కడుపుతోనే. మసాలా దోసె ఒకే ప్లేటులో పంచుకుంటాం. ఆయన చట్నీ ముట్టుకోరు, లోపలి ఎర్రకారం చాలంటారు. నాకు రెండోసారి చట్నీ వేయించుకోనిదే తిన్నట్టుండదు. తిని, కాఫీ తాగిన ఇరవై నిమిషాలకే కడుపు మెలిపెడుతుంది, బాత్‌రూమ్‌కి పరుగెత్తాలి. వెళ్లొస్తే నొప్పి తగ్గుతుంది. ఎనిమిది నెలలుగా దాదాపు ప్రతి వారాంతం ఇంతే. ఆఫీసు టెన్షన్ ఎక్కువున్న రోజున ఇంట్లో తిన్నా అప్పుడప్పుడూ ఇలాగే అవుతుంది. ఇది కాక జూన్‌లో ఒక శనివారం టిఫిన్ తిన్న మర్నాడు సాయంత్రం జ్వరం, నీళ్ల విరేచనాలు మొదలై మూడు రోజులు మంచం దిగలేదు. మెడికల్ షాపులో అడిగి నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిపిన మాత్రలు వాడాను. అప్పుడూ ఆయనకేం కాలేదు. కిందటి నెల రాత్రి ఎగ్ ఫ్రైడ్ రైస్ తిన్నాక మాత్రం ఇద్దరికీ రెండు మూడు గంటల్లోనే వాంతులు. నాది 'దూది కడుపు' అని ఆయన ఏడిపిస్తుంటారు. తనకేమో ప్రతి ఆదివారం రాత్రీ గుండెల్లో మంట. సోమవారం టిఫిన్ అయ్యాక ఒక పాంటాప్రజోల్ వేసుకుంటారు. ప్లాస్టిక్ కాగితం మీద ఉడికించిన ఇడ్లీలు, సోడా ఉప్పు, రంగులు.. వీటివల్లే ఇదంతానా? బయట తిండి మానేయాలా? వచ్చే వారం మా పెళ్లిరోజు. వీవీ పురం ఫుడ్ స్ట్రీట్‌కి వెళ్దామనుకుంటున్నాం.

జవాబు: మీ ఉత్తరంలో మీవి మూడు సమస్యలున్నాయి, మీ వారిది కలిపితే నాలుగు. అన్నిటినీ 'బయట తిండి' అనే ఒకే సంచిలో వేసేసరికి తికమకైంది. కడుపు బాగాలేదని ఎవరొచ్చినా నేను ఏం తిన్నారని అడిగే ముందు, తిన్న ఎంతసేపటికి మొదలైందని అడుగుతాను. ఆ లెక్క మీరే రాసి పంపారు, నా పని సగం తగ్గింది.

ముందు ఫ్రైడ్ రైస్ సంగతి. ఇద్దరూ తిన్నారు, ఇద్దరికీ రెండు మూడు గంటల్లో వాంతులు. ఇంత తొందరగా వచ్చిందంటే క్రిమి కడుపులోకి వెళ్లి పెరగడానికి టైమే లేదు. అది వదిలిన విషం అన్నంలో ముందే తయారై ఉండాలి. అన్నం విషయంలో మేం మొదట అనుమానించేది బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియాని. బియ్యంలో దీని విత్తనాల్లాంటివి ఉంటాయి, అన్నం ఉడికినా అవి చావవు. మధ్యాహ్నం వండిన అన్నాన్ని పలుకు విడివిడిగా ఉండాలని ట్రేలో ఆరబోసి సాయంత్రం దాకా బయటే ఉంచితే అవి మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. రాత్రి మళ్లీ భగభగ మండే కడాయిలో వేయించినా ఆ విషం చెక్కు చెదరదు. అందుకే 'నా కళ్ల ముందే వేడిగా చేశాడు డాక్టర్' అనే మాట నేనెంత విన్నా పెద్దగా లెక్కలోకి తీసుకోను. వేయించింది మీ కళ్ల ముందే, వండింది మాత్రం ఎప్పుడో. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నైట్ డ్యూటీలో నలుగురం ఒకే పొట్లం ఫ్రైడ్ రైస్ పంచుకుని, తెల్లారేలోపు నలుగురం అదే వార్డులో సెలైన్ పెట్టించుకున్నాం. ఇందులో గట్టి కడుపు, దూది కడుపు అనే తేడా పెద్దగా ఉండదు. మామూలుగా ఒక్క రోజులో సర్దుకుంటుంది. యాంటీబయాటిక్స్‌తో పని లేదు, ఎందుకంటే అక్కడ మందు చంపాల్సిన క్రిమి కంటే అది వదిలిన విషంతోనే గొడవ.

ఇక జూన్ కథ. శనివారం పొద్దున తిన్నది, ఆదివారం సాయంత్రానికి జ్వరం, నీళ్ల విరేచనాలు. మధ్యలో ఒకటిన్నర రోజు. బ్రతికున్న క్రిమి పేగుల్లోకి చేరి పెరగడానికి పట్టే సమయం అది. ఈకోలై లాంటివి ఇలాగే వస్తాయి. మరి మీ వారికెందుకు రాలేదు? ఒకే ప్లేటు అన్నారు గానీ, మీరిద్దరూ తిన్నది ఒకటి కాదని మీరే రాశారు. ఆయన చట్నీ ముట్టలేదు.

దోసె పెనం మీద కాలుతుంది. ఇడ్లీ ఆవిరిలో ఉడుకుతుంది. సాంబారు సన్నటి సెగ మీద మరుగుతూనే ఉంటుంది. కొబ్బరి చట్నీకి ఇవేవీ లేవు. పచ్చి కొబ్బరి, పచ్చిమిర్చి, పుట్నాలు, నీళ్లు పోసి రుబ్బుతారు, పైన తాలింపు వేస్తారు. ఆ తాలింపు చిటపట వాసనకే గానీ, గిన్నెడు చట్నీని వేడి చేసేంత కాదు. ఏ నీళ్లు పోశారన్నది ఇంకో ప్రశ్న. 2024 ఎండాకాలంలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల వెంట పడింది గుర్తుందిగా, ట్యాంకర్ నీళ్లన్నీ ఒక్కలా ఉండవు. ఈసారి దర్శినిలో కాసేపు కౌంటర్ పక్కన నిలబడి చూడండి. పెద్ద స్టీలు గిన్నెలో చట్నీ, అందులోనే ముంచి తీస్తున్న గరిటె, ఆ గరిటె పిడి దాకా చట్నీ. ఆరింటికి రుబ్బింది పదకొండుకి కూడా అదే గిన్నెలో ఉంటే, మీరు రెండోసారి వేయించుకున్నది ఐదు గంటల నాటి పచ్చి చట్నీ. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఏ తిండి ఉన్నా అందులో క్రిములు చకచకా పెరుగుతాయి. చట్నీ ఆ మధ్యలోనే కూర్చుని ఉంటుంది.

చెంచాల సంగతీ అంతే. చాలా దర్శినిల్లో చెంచాలు వేడి నీళ్ల గిన్నెలో వేసి ఉంచుతారు. మంచి పద్ధతే. పొద్దున్నే ఆ నీళ్లలో వేలు పెట్టలేం. పదకొండుకి అవి గోరువెచ్చబడి, పైన నూనె మెరుస్తుంటే మాత్రం చేత్తో తినడమే మేలు, సబ్బుతో కడుక్కుని.

జూన్‌లో తప్పు చట్నీదేనని కోర్టులో నిరూపించలేను. అయినా నేను మీ స్థానంలో ఉంటే చట్నీ మానను, టైము మార్చుకుంటాను. ఏడున్నరకి, జనం తోసుకుంటున్నప్పుడు తినండి. గిరాకీ ఉన్న చోట గిన్నె గంటలో ఖాళీ అయి కొత్తది వస్తుంది. హోటల్ మెరుపుల కంటే నేను గిరాకీనే చూస్తాను. పదిన్నర దాటి వెళ్తే సాంబారుతో సరిపెట్టుకోండి. తాగడానికి 'బిసి నీరు' అడగండి. వేడి నీళ్లు అడిగితే ఈ ఊళ్లో ఎవరూ వింతగా చూడరు. పొగలు వస్తుంటేనే తాగండి.

అప్పుడు మీరు షాపులో కొని వాడిన మాత్రల గురించి. నీళ్ల విరేచనాల్లో చాలావాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. అవసరమైన కొద్దిమందికి ఏది ఇవ్వాలో డాక్టర్ చూసి చెప్పాలి. ముఖ్యమైన మందు ఓఆర్ఎస్. షాపులో అట్టపెట్టె డ్రింకు కాకుండా పొడి ప్యాకెట్ అడగండి, దాని మీద 'డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా' అని ఉందేమో చూడండి, ఎంత నీళ్లలో కలపాలో కూడా అక్కడే ఉంటుంది. ఆ ఫార్ములాతో సంబంధం లేని తియ్యటి డ్రింకులు పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకోకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దానికోసం ఏళ్ల తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరే. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు, గీటుకి సమంగా కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అందాజుగా వేయకండి. జ్వరం ఉన్నప్పుడు, రక్తం పడుతున్నప్పుడు విరేచనాలు ఆపేసే లోపెరమైడ్ వేసుకోకూడదు. విరేచనంలో రక్తం, 102 దాటిన జ్వరం, గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం, మూడు రోజులైనా తగ్గకపోవడం.. వీటిలో ఏ ఒక్కటున్నా ఇంట్లో కూర్చోవద్దు.

అసలు మీరు భయపడాల్సింది తక్కువగా, తెలుసుకోవాల్సింది ఎక్కువగా ఉన్నది ఆ ఇరవై నిమిషాల పరుగు గురించే. ఇరవై నిమిషాల్లో దోసె ఇంకా పొట్టలోనే ఉంటుంది. తిన్నది కిందికి చేరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మీరు పరుగెత్తి విసర్జించేది నిన్నటిదో మొన్నటిదో. పొట్ట నిండగానే పెద్దపేగుకి 'చోటు చెయ్యి' అని కబురు వెళ్లి, అది బిగుసుకుంటుంది. అందరిలోనూ జరిగేదే. పసిపిల్లలు పాలు తాగగానే విరేచనం చేయడం చూశారుగా! కొందరి పేగు ఆ కబురుకి మరీ ఉలిక్కిపడుతుంది. కాఫీ దాన్ని ఇంకాస్త రెచ్చగొడుతుంది. నూనె, వెన్న, కారం కూడా అంతే. మీకు ఎనిమిది నెలలుగా ఉంది, దాదాపు వారానికోసారి నొప్పి, విసర్జనతో తగ్గుతోంది, టెన్షన్‌తో పెరుగుతోంది. ఇది ఇరిటబుల్ బొవెల్ సిండ్రోమ్, అంటే ఐబీఎస్ లాగానే కనిపిస్తోంది. పేగులో పుండు ఉండదు, పేగు స్వభావమే అంత. 'దూది కడుపు' అన్న మీ వారి మాట ఇక్కడ కాస్త నిజమే, కానీ ఏడిపించడం ఆపమనండి. తర్వాత ఏం జరుగుతుందోనన్న బెంగతో తింటే ఇదింకా పెరుగుతుంది.

నాలుగు వారాంతాలు ఒక పని చేయండి. ఫోన్‌లోనే రాసుకోండి: ఏం తిన్నారు, ఎన్నింటికి, ఎంతసేపటికి నొప్పి. మొదటి రెండు వారాలు టిఫిన్ తర్వాత కాఫీ ఆపండి. తేడా లేకపోతే కాఫీ మళ్లీ మొదలుపెట్టి, ఉల్లిపాయ కూరిన మసాలా బదులు సాదా దోసె తినండి. ఉల్లి, వెల్లుల్లిలోని కొన్ని పిండిపదార్థాలు ఇలాంటి పేగులో పులిసి గ్యాస్ చేస్తాయి. అన్నీ ఒకేసారి మానేస్తే ఏది పడలేదో ఎప్పటికీ తెలియదు. ఈలోగా ఒకసారి డాక్టర్‌ని కలిసి రక్తహీనత, థైరాయిడ్, గోధుమ పడకపోవడం, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) పరీక్షల అవసరం ఉందేమో అడగండి. నిద్రలోంచి లేపే విరేచనం, బరువు తగ్గడం, రక్తం కనిపించడం, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం.. వీటిలో ఏదున్నా ఐబీఎస్ అని సరిపెట్టుకోకుండా వెంటనే చూపించుకోవాలి.

మీ వారి మంటకి కారణం మీ ఉత్తరంలో పూర్తిగా లేదు గానీ ఊహించగలను. మెస్‌లో కందిపొడి, నెయ్యి, పప్పు, గోంగూర, మారు అన్నం. నెయ్యి, నూనె ఎక్కువైతే పొట్ట ఆలస్యంగా ఖాళీ అవుతుంది. దానిపైన రాత్రి పదింటికి చాట్, పదకొండింటికి పడక. తినడానికీ పడుకోవడానికీ మూడు గంటల ఎడం ఇచ్చి, ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే చాలామందికి సగం తగ్గుతుంది. పాంటాప్రజోల్ టిఫిన్ అయ్యాక వేసుకుంటే సరిగా పనిచేయదు, అరగంట ముందు వేసుకోవాలి. అయినా ఆదివారం రాత్రి మంటకి సోమవారం మాత్ర ఏం చేస్తుంది? ఎప్పుడో ఒకసారి వచ్చే మంటకి యాంటాసిడ్ సిరప్ చాలు. ప్రతి వారం వస్తోంది కాబట్టి ఒకసారి చూపించుకోవాలి. 41 ఏళ్ల మగమనిషి గుండెల్లో మంట అన్నప్పుడు నేను ఇంకోటి కూడా అడుగుతాను. మెట్లెక్కినా, వేగంగా నడిచినా మంటొచ్చి, ఆగితే తగ్గుతోందా? చెమట పడుతోందా? చేతికి, దవడకి పాకుతోందా? అవునంటే అది గ్యాస్ అనుకోకుండా అదే రోజు ఈసీజీ తీయించండి. మింగుడు పడకపోయినా, విరేచనం నల్లగా తారులా అయినా ఆగొద్దు.

ప్లాస్టిక్, రంగుల భయం ఊరికే పుట్టలేదు. ఇడ్లీ పాత్రలో బట్టకి బదులు ప్లాస్టిక్ పరచడాన్ని కర్ణాటక ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో తప్పుపట్టింది. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల్ని 2024 మార్చిలో నిషేధించింది. రెండూ సరైన పనులే, అలాంటి చోట తినకండి. కానీ వాటివల్ల ఇరవై నిమిషాల్లో విరేచనం రాదు, మర్నాడు జ్వరమూ రాదు. సోడా ఉప్పుతో కూడా అంతే.

పెళ్లిరోజుకి వీవీ పురం నిక్షేపంగా వెళ్లండి. ఏడింటికే వెళ్లి, పెనం మీద నుంచి నేరుగా మీ ప్లేటులో పడేవి తినండి. వేడి హోళిగె, అదే మన బొబ్బట్టు, తినొచ్చు. పానీపూరీలో పూరీతో పేచీ లేదు, పానీ వదిలేయండి. కోసి ఉంచిన పండ్ల ముక్కలూ అంతే. ఒక్క మాట. ఇది అనపకాయల కాలం, ఆ వీధిలో అవరెకాళు (అనపగింజల) దోసె, ఉప్మా కనపడగానే మదనపల్లె పితికిపప్పు గుర్తొచ్చి మీ చెయ్యి ఆగదు. అనపగింజలు మీలాంటి పేగులో బాగా గ్యాస్ చేస్తాయి. ఒక దోసె ఇద్దరూ పంచుకోండి, ఈసారి పెద్ద ముక్క మీ వారికి.