బక్ అంటే ప్రతిసారీ డాలర్ కాదు

"అన్నా, మా మేనేజర్ మీటింగులో 'లెట్స్ నాట్ పాస్ ద బక్' అన్నాడు. బక్ అంటే డాలర్ కదా, మధ్యలో డబ్బుల గొడవేంటి?" అమెరికా వచ్చి నెల తిరగని తమ్ముడి సందేహం.

డబ్బుల గొడవ కాదు తమ్ముడూ, పేకాట గొడవ. 19వ శతాబ్దంలో ఇక్కడ పోకర్ ఆడేవాళ్లు ముక్కలు పంచే వంతు ఎవరిదో తెలియడానికి అతని ముందు ఏదో ఒక వస్తువు పెట్టేవాళ్లు. దాని పేరే బక్. జింక కొమ్ము పిడి ఉన్న చాకు పెట్టేవాళ్లు కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. పంచడం ఇష్టం లేనివాడు దాన్ని పక్కవాడి ముందుకు జరిపేసేవాడు. అలా తన నెత్తిన పడ్డదాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దడం 'పాస్ ద బక్' అయింది.

వచ్చిన కొత్తలో నేనూ బోల్తా పడ్డాను. సెలవు మీద వెళ్తూ, నా పని చూడబోయే ఆవిడ పేరు రాసి "ఐ యామ్ పాసింగ్ ద బక్" అని టీమంతటికీ మెయిల్ కొట్టాను. పని అప్పగిస్తున్నానని నా ఉద్దేశం. ఆవిడ నా సీటు దగ్గరికొచ్చి "నిజం ఒప్పుకున్నందుకు థాంక్స్" అని నవ్వింది. నేను రాయాల్సింది 'పాసింగ్ ద బాటన్', రిలే పరుగులో కర్ర అందించినట్టు.

'ద బక్ స్టాప్స్ హియర్' కూడా వింటావు. ప్రెసిడెంట్ ట్రూమన్‌కి 1945లో ఆ మాట రాసిన చిన్న బోర్డు కానుకగా వచ్చింది. తయారైంది ఓక్లహోమాలోని ఒక జైల్లో! నా తర్వాత నెట్టడానికి ఎవరూ లేరు, జవాబుదారీ నాదే అని అర్థం. ట్రూమన్‌కి పోకర్ పిచ్చి కూడా ఉండేదిలే. కొత్తగా చేరినవాడివి, నువ్వు మాత్రం తొందరపడి ఈ మాట అనకు. నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాళ్ల నోట్లోనే అది బాగుంటుంది.

ఇంకో జాగ్రత్త. 'యూ ఆర్ పాసింగ్ ద బక్' అని ఎవరి మొహం మీదా అనకు. తప్పించుకుంటున్నావని నింద వేసినట్టే. పని నిజంగా నీది కాకపోతే "ఇది నేను చూసేది కాదు, చూసేవాళ్లెవరో కనుక్కుని చెప్తాను" అను, సాయంత్రంలోగా ఆ పేరు మెయిల్లో పంపు. దాన్ని ఎవరూ బక్ నెట్టడం అనరు.