సముద్రం మనకీ ఉందిగా, అంత దూరం ఎందుకు?

ప్రశ్న: అక్కయ్యగారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి స్పెయిన్‌లో, వాలెన్సియాలో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో వచ్చి మూడు వారాలు ఉండమని, బీచ్‌లు బాగుంటాయని రోజూ ఫోను. మావారు రైతు. "సముద్రం చూడ్డానికి విమానం ఎక్కాలా, అంతర్వేది లేదా?" అంటున్నారు. నాకు మోకాళ్ల నొప్పులు, ఈత రాదు. అక్కడ మేం ఏం చేస్తాం? బట్టలు, తిండి తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లి రండమ్మా. మా అమ్మాయి కూడా ఆ ఊళ్లోనే ఉంటుంది. నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మావారూ అచ్చం ఈ మాటే అన్నారు.

అంతర్వేదిలో వశిష్ఠ కలిసే చోట నీళ్లు బురద రంగులో ఉంటాయి. కెరటం వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మూడు మునకలు వేసి వచ్చేస్తాం. మధ్యధరా సముద్రం తీరు వేరు. చుట్టూ భూమి ఉండడంతో ఆటుపోట్లు దాదాపు తెలియవు. వచ్చి కలిసే మంచినీళ్ల కంటే ఎండకి ఆవిరైపోయేది ఎక్కువ. అందుకే ఉప్పు లీటరుకి సుమారు 38 గ్రాములు, మన బంగాళాఖాతం కన్నా ఎక్కువ. ఒళ్లు తేలిగ్గా తేలుతుంది. దిగగానే చల్లగా అనిపించినా, వేసవంతా కాగిన నీళ్లు కాబట్టి సెప్టెంబరులో కాసేపటికే హాయిగా ఉంటాయి.

మాల్వరోసా బీచ్‌లో అంతా ఇసుకే, నేల చదునుగా ఉంటుంది. నేను రోజూ పొద్దున అరగంట నడుము లోతు నీళ్లలో నడిచేదాన్ని. మోకాళ్ల మీద బరువు తగ్గిపోయి ఎంత సుఖంగా ఉండేదో చెప్పలేను. ఈత రాకపోయినా పరవాలేదు, కానీ జెండా చూడకుండా దిగకండి. ఆకుపచ్చ ఉంటే దిగొచ్చు, పసుపు ఉంటే జాగ్రత్త, ఎరుపు ఉంటే పాదం కూడా పెట్టొద్దు. గాలి తిరిగిన రోజు అక్కడా కెరటాలు లేస్తాయి.

బట్టల గురించి దిగులొద్దు. మొదటి రోజు నేను చీరతోనే దిగాను. తడిసి కాళ్లకి చుట్టుకుపోయింది. మర్నాడు మా అమ్మాయి నిండు చేతుల ఈత చొక్కా, పొడుగు ప్యాంటు కొనిచ్చింది. చుట్టూ ఎవరు ఎలా ఉన్నా, నా వైపు ఎవరూ తేరిపార చూడలేదు.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. అక్కడ వేసవి పొడిగా ఉంటుంది, పెద్ద వానలు సెప్టెంబరు నుంచి మొదలవుతాయి. 2024 అక్టోబరు 29న ఆ ప్రాంతంలో వచ్చిన వరదలో రెండు వందల మందికి పైగా పోయారు. 1996 తుపాను చూసిన కోనసీమ వాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఫోనులో హెచ్చరిక మోగితే బయటికి వెళ్లకండి. అత్యవసరానికి 112.

వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు. 30,000 యూరోలకి తగ్గని ప్రయాణ బీమా తప్పనిసరి. నెయ్యి, పాలకోవా, మామిడికాయలు, కరివేపాకు పెట్టెలో పెట్టకండి, అక్కడ తీసేస్తారు. అక్కడి వాళ్ల మధ్యాహ్నం భోజనం రెండింటికి, రాత్రిది తొమ్మిది దాటాక. వాళ్ల పాయేయా అనే వంటకం అన్నంతోనే చేస్తారు గానీ, అందులో కోడితో పాటు కుందేలు మాంసం కూడా వేస్తారు, అడిగి తినండి. ఓర్చాటా అని చల్లటి పాలలాంటి పానీయం ఉంటుంది. మనం చేలో కలుపని పీకి పారేసే తుంగకి చుట్టమైన మొక్క దుంపలతో చేస్తారు. మీవారికి తాగించాక ఆ సంగతి చెప్పండి.

ఇక మీవారి విషయం. ఆయన్ని సముద్రం పేరు చెప్పి పిలవకండి. వాలెన్సియాకి దక్షిణాన పది కిలోమీటర్ల దూరంలో అల్బుఫేరా ఉంది. మన కొల్లేరులాగే లోతు తక్కువ ఉన్న మంచినీటి సరస్సు, దాని చుట్టూ వరి చేలు. సెప్టెంబరు అంటే వాళ్లకి కోతల కాలం. ఇక్కడ సార్వా ఊడ్పులు అయిపోయి ఉంటాయి కాబట్టి మీవారికీ వీలవుతుంది. సాయంత్రం అక్కడ పడవ ఎక్కండి. మావారు పడవ దిగి తిన్నగా గట్టు మీదికి పోయి, ఒక కంకి అరచేతిలో పెట్టుకుని గింజ చూస్తూ నిలబడిపోయారు.

ఆయన్ని నిజంగా కట్టిపడేసింది మాత్రం గురువారం నీటి పంచాయితీ. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి, పెద్ద చర్చి గుమ్మం ముందు, నల్ల చొక్కాలు వేసుకున్న ఎనిమిది మంది రైతులు గుండ్రంగా కూర్చుంటారు. ఎనిమిది కాలువలకి ఎనిమిది మంది, రైతులే ఎన్నుకున్నవాళ్లు. ఎవరు వంతు తప్పి నీళ్లు మళ్లించారో అక్కడే విచారిస్తారు. అంతా నోటిమాటే. తగాదా ఏ కాలువదో ఆ కాలువ మనిషి తీర్పులో కూర్చోడు. వందల ఏళ్లుగా సాగుతున్న ఈ పద్ధతిని 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మాది శివారు భూమి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నూట డెబ్బై ఏళ్లు దాటినా, దాళ్వాలో మా బోదెలోకి నీళ్లు వస్తాయా అని ఏటా ఎదురుచూపే. "తగాదా తనదైతే ఆ మనిషి పక్కకి జరుగుతాడా?" అని మావారు అమ్మాయిని రెండుసార్లు అడిగారు.

ఫిర్యాదు లేని వారం అది నిమిషాల్లో ముగిసిపోతుంది. పదకొండున్నరకల్లా వెళ్లి ముందు వరసలో నిలబడండి. టికెట్లు తీయక ముందే మీవారికి ఈ గురువారం సంగతి చెప్పి చూడండి.