అమెరికాలో పరిశోధనకి ఇచ్చే ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్‌కి మళ్లీ అప్లై చేయబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

నువ్వు ఫార్వర్డ్ చేసిన మెయిల్ చూశాను, పాత అప్లికేషన్ కూడా మొత్తం చదివాను, ప్రపోజల్ అయితే ప్రింట్ తీయించి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. సెలెక్ట్ కాలేదని రెండు ముక్కలు రాసి ఊరుకున్నారు, ఎందుకు కాలేదో చెప్పలేదు, నీ బాధంతా అదే కదా. వాళ్లు చెప్పకపోయినా నింపాదిగా చదివితే ప్రపోజలే చెప్తోంది. ముందు ఒక మాట గట్టిగా చెప్పనీ, నీ పని బాగుంది. కదిరి చుట్టూ వేరుశనగ చేలల్లో ఎండలో తిరిగి నువ్వు తెచ్చిన శాంపిల్సు, ల్యాబులో తీసిన రీడింగ్సు ఎవరి ముందైనా ధైర్యంగా పెట్టచ్చు. ఆ పని కాగితం మీదకి సరిగ్గా రాలేదంతే. అందుకే ఈ ఏడు మళ్లీ వెయ్యాలి. ఇంక నేను దాని జోలికి పోను అన్నావంట మీ నాన్నతో, ఆ మాట నేను ఒప్పుకోను.

కానీ మళ్లీ వెయ్యడమంటే పోయినేటి ఫైలు తెరిచి తేదీలు మార్చి, అక్కడక్కడా నాలుగు వాక్యాలు దిద్ది పంపడం అనుకోకు. పాత చీరకి కొత్త ఫాల్ కుట్టినట్టు ఉంటుంది అది, కట్టుకుంటే పాత చీరే. కొత్త డాక్యుమెంట్ తెరువు, పాతది పక్కన కూడా పెట్టుకోకు, మొదటి డ్రాఫ్ట్ నీ బుర్రలోంచే రావాలి. నా స్టూడెంట్స్ చాలామంది చేత అలాగే రాయించాను, రెండోసారి రాసింది పొట్టిగా వస్తుంది, సూటిగా కూడా వస్తుంది.

నీ మొదటి పేజీ సంగతి చూద్దాం. "వేరుశనగ ప్రపంచవ్యాప్తంగా పండించే ఒక ముఖ్యమైన నూనెగింజ పంట" అని మొదలుపెట్టావు. ఈ వాక్యం తప్పేం కాదు, కానీ దేశంలో వేరుశనగ మీద పీహెచ్‌డీ చేసే ప్రతి పిల్లా పిల్లాడూ ఇలాగే మొదలుపెడతారు. ఆ తర్వాత 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్లు బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని చచ్చిపోవడం, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం అలా బయటపడటం, ఆ కథ ముప్పావు పేజీ రాశావు. నాకు ఆ కథ ఇష్టమే, క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను, కానీ ఇక్కడ దానికి ఒక వాక్యం చాలు, అది కూడా చోటుంటేనే. నీ సొంత ప్రశ్న మూడో పేజీలో వచ్చింది అమ్మడూ! అప్పటిదాకా చదివేవాళ్లు ఎందుకు ఆగుతారు చెప్పు.

ఇలా మొదలుపెట్టి చూడు: "అనంతపురం ప్రాంతంలో శెనక్కాయ పంటకి ఆఖరి నెలలో వాన మొహం చాటేస్తే భూమిలో ఉన్న కాయలోకి ఒక బూజు చేరుతుంది. అది తయారుచేసే విషం రైతు కంటికి కనపడదు. ఆ ఎండిన నెలని తట్టుకుని, విషం పట్టని రకాలు ఏవి, వాటిలో ఏ గుణం అడ్డుపడుతోంది అన్నదే నా పరిశోధన." ఇంగ్లీషులో కూడా ఇంత తేలిక మాటల్లోనే రాయి, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అన్న ఆ బూజు పేరు రెండో పేరాలో వస్తే కొంప మునగదు. దాని పక్కనే యూరప్ వాళ్లు మనుషులు నేరుగా తినే వేరుశనగ గింజల్లో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకి 4 మైక్రోగ్రాములు దాటకూడదంటారన్న ముక్క పెట్టు, అది దాటితే సరుకు ఓడరేవు నుంచే వెనక్కి వస్తుంది, అంతకంటే ముందు మన పిల్లలు తినేది అదే గింజ. దీనికి ఎందుకు డబ్బు పెట్టాలో చదివేవాళ్లకి అప్పుడు అర్థమవుతుంది.

ఇంత చెప్తున్నది ఎందుకంటే నీ అప్లికేషన్ చదివేవాళ్లందరూ ప్లాంట్ పాథాలజీ వాళ్లు అయ్యుండరు, ఇంటర్వ్యూ దాకా వెళ్తే ఎదురుగా వేరే సబ్జెక్టుల వాళ్లు కూడా కూర్చుంటారు. నీ హాస్టల్లో హిస్టరీ వాళ్లో ఎకనామిక్స్ వాళ్లో ఎవరన్నా ఉంటే ఆ అమ్మాయికి మొదటి పేజీ ఇచ్చి, చదివాక కాగితం వెనక్కి తీసేసుకుని నేనేం చేయబోతున్నానో చెప్పు అని అడుగు. ఆమె తడబడిన చోటల్లా నువ్వు మళ్లీ రాయాల్సిన చోటు. మీ ల్యాబ్ మేట్స్ చేత చదివిస్తే లాభం లేదు, వాళ్లకి ముందే తెలుసు కాబట్టి ఖాళీలు వాళ్లే పూరించుకుంటారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, దీని మీదే నువ్వు ఎక్కువ టైమ్ పెట్టాలి. అమెరికాకే ఎందుకు, ఆ ల్యాబుకే ఎందుకు, ఆ నెలల్లోనే ఎందుకు. నువ్వు రాసిందేంటంటే అక్కడ అధునాతన సౌకర్యాలు ఉన్నాయి, ప్రపంచ స్థాయి నిపుణులు ఉన్నారు అని. ఆ మాట హార్ట్ సర్జన్ కూడా రాయచ్చు, సినిమా మీద రీసెర్చ్ చేసేవాళ్లూ రాయచ్చు. పైగా పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది కదా, వేరుశనగ మీద ప్రపంచంలో పేరున్న చోటు మన పక్కనే పెట్టుకుని అంత దూరం ఎందుకమ్మా అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్తావ్? ఆ ప్రశ్న వాళ్లు అడగక్కర్లేకుండా ప్రపోజల్లోనే జవాబు ఉండాలి.

జవాబు నీ దగ్గరే ఉంది, నువ్వు రాయలేదు. అమెరికాలో పండే వేరుశనగలో దాదాపు సగం జార్జియా రాష్ట్రానిదే, నువ్వు ఎంచుకున్న టిఫ్టన్ ఆ పంట మధ్యలో ఉన్న ఊరు. వాళ్లకీ ఆఖర్లో ఎండ కాస్తే ఇదే బూజు, ఇదే విషం. కానీ అక్కడ రైతు లోడు తెచ్చి అమ్మే చోటే శాంపిల్ తీసి గ్రేడ్ చేస్తారు, గింజ మీద ఈ బూజు కనపడిందంటే ఆ లోడు మొత్తాన్ని సెగ్రిగేషన్ 3 అని పక్కన పెడతారు, నేరుగా తినే సరుకులోకి పోనివ్వరు. మన దగ్గర కాయ ఊపి చూసి, నాలుగు వలిచి నోట్లో వేసుకుని రేటు చెప్తారు. నీ రకాల పరీక్షని ఆ గ్రేడింగ్ పద్ధతికి జత చేసి, కదిరి-6 రకం పండించే రైతుకి ఇందులో ఏది పనికొస్తుందో చూస్తాను అని రాస్తే అది నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేని ప్రపోజల్ అవుతుంది.

నెలల సంగతి కూడా చెప్పాలి. ఫెలోషిప్ ఆరు నుంచి తొమ్మిది నెలలు. నువ్వు నవంబరులో దిగి జనవరి నుంచి మార్చి దాకా ఫీల్డ్ ట్రయల్ అని టేబుల్ వేశావు. జార్జియాలో జనవరిలో చేలల్లో శెనక్కాయ ఎక్కడిది తల్లీ? వాళ్లు ఏప్రిల్ ఆఖర్లోనో మే నెలలోనో విత్తుతారు, సెప్టెంబరు అక్టోబరుల్లో తవ్వుతారు. మన ముంగారు (ఖరీఫ్) పంట లెక్కలో కూడా అది కుదరదు, ఎలా రాశావో నాకు తెలీదు. ఆ పంట తెలిసినవాళ్లు ఒక్కరు ప్యానెల్లో ఉన్నా పెన్ను అక్కడ ఆగిపోతుంది, మిగతా నాలుగు పేజీలు ఎంత బాగున్నా సరే. ఈసారి ఆగస్టులో దిగేలా ప్లాన్ చెయ్యి, పంట ఆఖరి వారాలు, మిషన్‌తో తవ్వి చెట్టు తిరగేసి చేలోనే ఆరబెట్టడం, అమ్మే చోట గ్రేడింగ్, అన్నీ కళ్లారా చూస్తావు, చలికాలమంతా ల్యాబు. నెలవారీగా రాయి, ఒక్కో నెలకి ఒక్కో వాక్యం చాలు, ఆ నెలాఖరుకి చేతిలో ఏముంటుందో ఉండాలి.

ఇంకోటి, నీ దగ్గరున్న ఫంగస్ ఐసోలేట్స్, అంటే విడదీసి పెంచిన బూజు నమూనాలు, తీసుకెళ్తానని ఒక్క ముక్కలో రాసేశావు. అవి సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లేవి కాదు. మన వైపు బయోలాజికల్ డైవర్సిటీ యాక్ట్ 2002 ఉంది, చెన్నైలో నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ నుంచి అనుమతి తీసుకోవాలి, అటు వైపు వాళ్ల వ్యవసాయ శాఖ పర్మిట్ కావాలి. ఇవన్నీ అయ్యేసరికి నీ తొమ్మిది నెలల్లో సగం పోతుంది. వాళ్ల ల్యాబులో ఉన్న స్ట్రెయిన్స్ మీద పని చేసి, ఇక్కడి డేటాతో పోల్చేలా మార్చుకో, లేదంటే అనుమతులకి ఇప్పుడే పెట్టానని రాయి, కానీ పెట్టి రాయి.

హోస్ట్ ప్రొఫెసర్ లెటర్ విషయానికొస్తే, పోయినసారి నీకొచ్చింది నాలుగు లైన్ల లెటర్, ఈ అమ్మాయి వస్తే సంతోషం అని. తప్పు ఆయనది అనను, నువ్వు పంపిన మెయిల్ అలా ఉంది, నీ బయోడేటా అంతా గుమ్మరించి ఆయన పని గురించి ఒక్క ముక్క రాయలేదు. ఈసారి ఆయన పేపర్లు రెండు నిజంగా చదువు, చదివాక నీకు వచ్చిన డౌటే మెయిల్లో మొదటి మాట కావాలి, మా దగ్గర ఎర్రనేలలో ఇలా వస్తోంది, మీ ఫలితంతో ఇక్కడ తేడా ఉంది, మట్టి వేడి వల్లనా అని అడుగు. పది లైన్లు దాటనివ్వకు. ఫెలోషిప్ మాట రెండో మెయిల్లో ఎత్తినా పర్లేదు. ఆయన జవాబిచ్చి మాటలు నడిచాక లెటర్ అడిగితే, ఏ నెలలో ఏ ఎక్విప్‌మెంట్ ఇస్తారో, ఎవరు దగ్గరుండి చూస్తారో ఆయనే రాస్తారు. ఒకే మెయిల్ ఇరవై మందికి కొట్టే పని మాత్రం చెయ్యకు, ఆ ఫీల్డులో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే.

రికమండేషన్ లెటర్లు. మన యూనివర్సిటీల్లో ఒక అలవాటుంది, నువ్వే రాసి తీసుకురామ్మా సంతకం పెడతాను అంటారు. అలా రాసినవి మూడూ ఒకే గొంతుతో ఉంటాయి, చదివేవాళ్లకి తెలిసిపోతుంది, పైగా అది సరైన పని కూడా కాదు. వాళ్లు అలా అంటే గౌరవంగా, మీరు రాస్తేనే బాగుంటుంది సార్, పాయింట్లు ఇస్తాను అని చెప్పి ఒక పేజీ ఇవ్వు, ఆయన దగ్గర నువ్వేం చేశావు, ఏ సీజన్లో ఏం ఇబ్బంది వచ్చింది, ఎలా దాటావు, ఆఖరు తేదీ ఎప్పుడు. కనీసం ఆరు వారాల ముందు ఇవ్వు. పెద్ద పేరని ఆ మాజీ వీసీ గారి దగ్గర తీసుకున్నావు చూడు, ఆయనకి నీ మొహం కూడా గుర్తుండదు. రీసెర్చ్ స్టేషన్‌లో నీతో పాటు మడుల్లో నిలబడిన సైంటిస్ట్ మేడమ్ రాస్తే దాని విలువే వేరు.

యూనివర్సిటీ నుంచి రావాల్సిన కాగితాలకి ఇప్పుడే ఫైలు కదిలించు. గైడు, హెచ్‌ఓడీ, ప్రిన్సిపాల్, ఆపైన రిజిస్ట్రార్ ఆఫీసు, మధ్యలో సెక్షన్‌లో ఎవరో సెలవులో ఉంటారు. మామూలుగా ఆఖరు తేదీ జూలై ప్రాంతంలో పడుతుంది, ఏటా మారుతుంది కాబట్టి ఇక్కడ ఈ ఫెలోషిప్ నడిపే యూఎస్‌ఐఈఎఫ్ వాళ్ల సైటులో చూసుకో, వాళ్ల ఆఫీసు హైదరాబాదులో కూడా ఉంది, వాళ్లు పెట్టే ఇన్ఫర్మేషన్ సెషన్లకి తప్పకుండా వెళ్లు. ఇది ఫ్రీ అప్లికేషన్, ఫీజు లేదు. అమీర్‌పేటలో ఎవరికో డబ్బులిచ్చి స్టేట్‌మెంట్ రాయించుకుందామా అని అడిగావంట మీ అన్నని, వద్దు. ఆ డబ్బుతో ఇంకో విడత శాంపిల్స్ టెస్ట్ చేయించుకో.

స్టేట్‌మెంట్లో పోయినసారి అంతా నేర్చుకుంటాను, నేర్చుకుంటాను అని ఉంది. ఈ ప్రోగ్రామ్ 1946లో సెనేటర్ ఫుల్‌బ్రైట్ మొదలుపెట్టింది, మనతో ఒప్పందం 1950లో జరిగింది, 2008 ఒప్పందం తర్వాత మన ప్రభుత్వం కూడా సమానంగా డబ్బు పెడుతోంది, పేరులో నెహ్రూ చేరింది అందుకే. రెండు దేశాల జనం ఒకరినొకరు అర్థం చేసుకోవడం దాని ఉద్దేశం, కాబట్టి నువ్వు వాళ్లకేం ఇస్తావో కూడా ఉండాలి. బోరు ఎండిపోయిన చేలో వానాధారంగా శెనక్కాయ పండించే రైతు ఏ సూచన చూసి తవ్వకం ముందుకి జరుపుతాడో నువ్వు చిన్నప్పటి నుంచి చూశావు. అది రాయి.

తిరిగొచ్చాక ఏం చేస్తావన్నది కూడా అలంకారంగా రాయకు. ఇది జె-1 వీసా, అయ్యాక రెండేళ్లు మన దేశంలో ఉంటే గానీ హెచ్-1బీ, గ్రీన్ కార్డు లాంటివి కుదరవు, మీ అమ్మకి కూడా ఈ సంగతి ముందే చెప్పు, ఆవిడ ఇప్పటికే అక్కడి సంబంధాలు చూస్తోంది. రైతులతో టెస్టింగ్ పెట్టాలన్న నీ ఆలోచన ఉంది కదా, ఏ మండలంలో, ఎవరితో కలిసి, ఎంత ఖర్చులో, అలా రాయి.

ఒక సైకిల్‌లో యూఎస్‌ఐఈఎఫ్ ఫెలోషిప్ ఒక్కదానికే వెయ్యనిస్తారు, కాబట్టి ఫుల్‌బ్రైట్-కలాం క్లైమేట్ ఫెలోషిప్ ఈ ఏడు ఇస్తుంటే అది కూడా చూసి నీ పనికి ఏది దగ్గరో తేల్చుకో. నా ఉద్దేశంలో నీకు ఫుల్‌బ్రైట్-నెహ్రూనే సరిపోతుంది, క్లైమేట్ అన్న మాట కోసం పనిని వంచకు. దాంతో పాటు జర్మనీ డాడ్ (DAAD) వాళ్ల స్కాలర్‌షిప్ కూడా చూడు, కానీ జార్జియా అన్న చోట జర్మనీ అని మార్చి పంపితే ఒప్పుకోను, అక్కడ ఈ పంటే లేదు, ప్రశ్నే వేరుగా వెయ్యాలి.

ఈ ఏడాదిలో నీకు కొత్తగా వచ్చినవి, ముంగారు డేటా, సబ్మిట్ చేసిన పేపరు, అవి ప్రపోజల్ మొదటి పేజీలోనే కనిపించాలి, సీవీ చివర్లో పెట్టి వదిలెయ్యకు. నాకూ అప్పట్లో వెంటనే రాలేదు, తర్వాత వచ్చిందంటే మధ్యలో చేసిన పనిని చూసే ఇచ్చారు.

వచ్చే ఆదివారం లోపు మొదటి పేజీ, నెలల టేబుల్, ఈ రెండే పంపు. వర్డ్ ఫైల్ పంపు, పీడీఎఫ్ వద్దు, నేను పక్కన కామెంట్లు రాయాలి. ప్రొఫెసర్ గారికి పంపబోయే మెయిల్ కూడా ముందు నాకు చూపించు.

ఉంటాను,
మీ అత్త