పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పోలీసు అధికారుల సంఘం ఏం చేయగలదు?

పోలీసు సిబ్బంది పనిగంటలపై గత సంచికలో వచ్చిన వ్యాసం చదివి రెండు తెలుగు రాష్ట్రాల నుంచి పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువ ప్రశ్నలు పోలీసు అధికారుల సంఘం గురించే ఉన్నాయి. ఏఎస్‌ఐగా పదవీ విరమణ చేసినవాడిని, కొన్నేళ్లు జిల్లా సంఘం కార్యవర్గంలో పనిచేసినవాడిని కనుక ఈసారి శీర్షికను వాటికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా నాన్న ఆర్టీసీ కండక్టరు. తెలంగాణలో 2019లో 52 రోజులు జరిగిన సమ్మెలో ఆయనా ఉన్నారు. నేను కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాను. పోలీసులకూ సంఘం ఉందంటారు కానీ వాళ్లు సమ్మె చేసినట్టు నేను ఎన్నడూ వినలేదు. అది పేరుకే ఉన్న సంఘమా? అందులో కానిస్టేబుళ్లకు చోటుంటుందా?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: చోటుంటుంది తల్లీ. పేరులో ‘అధికారులు’ అన్న మాట చూసి అది డీఎస్పీలకో ఎస్పీలకో చెందిన సంఘమని చాలామంది అనుకుంటారు. చట్టం దృష్టిలో కానిస్టేబుల్ కూడా పోలీసు అధికారే. జిల్లా కార్యవర్గాలలో ఎక్కువగా కనిపించేది కూడా కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్లు, ఏఎస్‌ఐలే. ఐపీఎస్ అధికారుల సంఘం వేరు.

అయితే ఇది మీ నాన్నగారి యూనియన్ వంటిది కాదు. సంఘాలు పెట్టుకునే హక్కును రాజ్యాంగం 19వ అధికరణ పౌరులందరికీ ఇచ్చింది. శాంతిభద్రతలు కాపాడే బలగాల విషయంలో మాత్రం అలాంటి హక్కులను ఎంతవరకు కుదించాలో చట్టం ద్వారా నిర్ణయించే అధికారాన్ని 33వ అధికరణ పార్లమెంటుకు అప్పగించింది. ఆ అధికారంతో 1966లో పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం వచ్చింది. దాని ప్రకారం పోలీసు ఉద్యోగి అనుమతి లేకుండా కార్మిక సంఘంలో గానీ రాజకీయ సంస్థలో గానీ చేరకూడదు. కేవలం సామాజికమో, వినోదపరమో, మతపరమో అయితే తప్ప, బలగంలో భాగంగా గుర్తింపు పొందని ఏ సంస్థతోనూ సంబంధం పెట్టుకోకూడదు. విధి నిర్వహణలో భాగమో, కేవలం సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైనదో అయితే తప్ప పత్రికలతో మాట్లాడకూడదు. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంటే సంఘం ప్రాణమంతా ‘గుర్తింపు’ అనే ఆ ఒక్క మాటలోనే ఉంది. ఢిల్లీలో నాన్ గెజిటెడ్ పోలీసు సిబ్బంది సంఘం గుర్తింపు రద్దయినప్పుడు ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ చట్టం రాజ్యాంగానికి లోబడే ఉందని కోర్టు 1986లో తీర్పు చెప్పింది.

పోలీసులు ఎన్నడూ సమ్మె చేయలేదనుకోవడం మాత్రం సరికాదు. 1973 మే నెలలో ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసు దళం తిరగబడితే సైన్యాన్ని దించవలసి వచ్చింది. ఆ గొడవ తర్వాత ముఖ్యమంత్రి కమలాపతి త్రిపాఠీ రాజీనామా చేశారు. 1979లో పంజాబ్‌లో మొదలైన పోలీసు ఆందోళన అనేక రాష్ట్రాలకు పాకింది. ధర్మవీర అధ్యక్షతన 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్ తన మొదటి నివేదికను 1979 ఫిబ్రవరిలోనే, అంటే ఆ ఆందోళనకు కొద్ది నెలల ముందే ఇచ్చింది. కానిస్టేబుల్ జీతభత్యాలు, ఇల్లు, పదోన్నతి, ఫిర్యాదులు చెప్పుకునే దారి వంటివి అందులో చర్చకు వచ్చాయి. ఆ క్రమాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. బాధలన్నీ కాగితం మీదికి ఎక్కాయి; వాటిని సకాలంలో పట్టించుకున్నవారు లేకపోయారు.

నేను ఈ చట్టాన్ని తప్పు పట్టను. తుపాకీ చేతిలో ఉన్నవాడు విధి మానుకుంటే ఊరు ఏమవుతుందో సర్వీసులో కళ్లారా చూశాను. కానీ రోడ్డెక్కే హక్కును తీసేసుకున్న ప్రభుత్వం, ఆ హక్కు పోయినవాడు ఇచ్చిన వినతిపత్రాన్ని గడువులోగా చదివి, రాతపూర్వకంగా జవాబివ్వాలి. అది దయ కాదు, బాకీ. ఇంగ్లండులో 1918, 1919 సంవత్సరాలలో పోలీసులు సమ్మెకు దిగినప్పుడు, 1919 చట్టంతో యూనియన్‌లో చేరడాన్ని నిషేధించిన పార్లమెంటు అదే చట్టంతో పోలీసు ఫెడరేషన్‌ను ఏర్పాటు చేసింది. ఒక చేత్తో తీసుకున్నప్పుడు రెండో చేత్తో ఏదో ఒకటి ఇవ్వాలన్న ఇంగితం అందులో ఉంది.

మన సంఘాలు చేసే పని చాలావరకు కాగితం పనే. వేతన సవరణ సంఘానికి నివేదిక ఇవ్వడం, సరెండర్ లీవుల (వాడుకోని సెలవులకు బదులు వచ్చే సొమ్ము) బకాయిలు, టీఏ (ప్రయాణ భత్యం) బిల్లులు ఎక్కడ ఆగాయో వెతకడం, సీనియారిటీ జాబితాలో తప్పులు దిద్దించడం, క్వార్టర్ల మరమ్మతులు, ఆరోగ్య భద్రత పథకం కింద ఆసుపత్రి అనుమతులు, విధుల్లో చనిపోయినవారి కుటుంబానికి రావలసినవి ఇప్పించడం వంటివి. చప్పుడు లేని పనులు కనుక బయటికి వినిపించవు.

ప్రశ్న: మావారు ఆంధ్రప్రదేశ్‌లో సివిల్ కానిస్టేబుల్. వారాంతపు సెలవు ఇస్తామని 2019లో చెప్పారు. కొన్నాళ్లు ఇచ్చారు, తర్వాత ఆగిపోయింది. పిల్లవాడికి జ్వరం వచ్చినా నేనొక్కదాన్నే ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. సంఘంలో అడిగితే ‘పైకి రాశాం’ అంటున్నారు. మేము భార్యలమంతా కలిసి ధర్నాకు కూర్చుంటే మావారి ఉద్యోగానికి ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం చదివి మా ఇంట్లో కూడా కాసేపు ఎవరం మాట్లాడలేదు. మా ఆవిడ ఆ రోజులన్నీ దాటి వచ్చిన మనిషి.

1966 చట్టం బలగంలో ఉన్నవారిని కట్టడి చేస్తుంది, వారి ఇంటివాళ్లను కాదు. శాంతియుతంగా అడిగే హక్కు మీకుంది. అయినా ఆచరణలో జరిగేది వేరు. 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు బెటాలియన్ల సిబ్బంది భార్యలు ‘ఏక్ పోలీస్’ విధానం, అంటే పోలీసులందరికీ ఒకే విధానం కావాలని రోడ్ల మీదికి వచ్చారు. తర్వాత సిబ్బంది కూడా గొంతు కలపడంతో 39 మందిని సస్పెండ్ చేశారు, మరో 10 మందిని ఏకంగా సర్వీసు నుంచే తొలగించారు. భార్య కూర్చున్న ధర్నా వెనుక భర్త ప్రోద్బలం ఉందని అధికారులు భావిస్తే, నిరూపించుకోవలసిన భారం ఆచరణలో ఆయన నెత్తినే పడుతుంది. అందుకే ఆ దారికి వెళ్లే ముందు మిగిలిన దారులన్నీ చూడమని అన్నలా చెబుతున్నాను.

మీ బాధ మీ ఒక్కరిది కాదు. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ కోసం చేసి 2014లో వెలువరించిన అధ్యయనంలో, పోలీస్ స్టేషన్లలో పనిచేసేవారిలో పదింట తొమ్మిది వంతుల మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారని తేలింది. 2006 నాటి నమూనా పోలీసు చట్టం ముసాయిదా ఎనిమిది గంటల పనినీ వారానికో సెలవునూ సిఫారసు చేసింది.

‘పైకి రాశాం’ అన్న జవాబు నాకూ నచ్చదు. ఏం రాశారన్నదే అసలు ప్రశ్న. మా జిల్లాలో ఒకసారి ‘సిబ్బంది ఒత్తిడిలో ఉన్నారు, దయతో పరిశీలించగలరు’ అని మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం. మూడూ దస్త్రంలో పడుకున్నాయి. నాలుగోసారి ఒక యువ హెడ్ కానిస్టేబుల్ వేరే పని చేశాడు. ఒకే స్టేషన్ ఎంచుకుని, స్టేషన్ రైటర్ సాయంతో రెండు నెలల డ్యూటీ రోస్టర్‌నూ, స్టేషన్‌లో ఏ రోజు ఏం జరిగిందో రాసే జనరల్ డైరీ(జీడీ)నీ పక్కపక్కన పెట్టుకుని పట్టిక గీశాడు. రోస్టర్‌లో ‘ఆఫ్’ అని ఉన్న తేదీన అదే మనిషి ఉదయం ఆరున్నరకు జాతర బందోబస్తుకు బయలుదేరినట్టు, రాత్రి పదకొండు దాటాక తిరిగి వచ్చినట్టు జీడీలో నమోదై ఉంది. అలాంటి తేదీలు ఎర్ర సిరాతో నింపిన మూడు కాగితాలను సంఘం తరఫున ఎస్పీగారి ముందు పెట్టాం. ఆయన చాలాసేపు చూసి, ‘ఇది నాకు ఇదివరకే ఎందుకు చూపలేదు’ అన్నారు. ఆ నెల నుంచే ఆ సబ్ డివిజన్‌లో ఆఫ్‌లు మొదలయ్యాయి. ఎన్నికలు వచ్చి మళ్లీ తారుమారైన మాట కూడా దాచను. అయినా మీ సంఘాన్ని అడగవలసింది అలాంటి పట్టికే. మావారి స్టేషన్ నుంచే మొదలుపెట్టండని మీరే చెప్పండి.

ప్రశ్న: నాకు చార్జ్ మెమో (ఆరోపణలకు జవాబు కోరే నోటీసు) వచ్చింది. సంఘం నా తరఫున వాదిస్తుందా? వకీలును పెట్టిస్తుందా?
– ఆర్మ్‌డ్ రిజర్వు (ఏఆర్) కానిస్టేబుల్ (జిల్లా పేరు వద్దన్నారు)

జవాబు: తమ్ముడూ, ముందు మెమోలో ఇచ్చిన గడువు చూసుకో. జవాబు ఇవ్వకుండా గడువు దాటించడం కంటే పెద్ద తప్పు లేదు. శాఖాపరమైన విచారణలో మామూలుగా వకీలును అనుమతించరు; తోటి ప్రభుత్వ ఉద్యోగి సహాయం తీసుకోవచ్చు. సంఘం విలువ అక్కడే తెలుస్తుంది. నియమాలు క్షుణ్ణంగా చదివిన ఒకరిద్దరు పాత హెడ్ కానిస్టేబుళ్లు చాలా జిల్లాల్లో ఉంటారు. సంఘం వారిని నీ పక్కన కూర్చోబెట్టగలదు. ఆరోపణకు ఆధారమైన పత్రాల నకళ్లు రాతపూర్వకంగా కోరు. సాక్షులను ప్రశ్నించే అవకాశం వదులుకోకు. శిక్ష పడితే ఆర్డరు అందిన రోజు నుంచే అప్పీలు గడువు లెక్క మొదలవుతుందని గుర్తుంచుకో. కోర్టు ఖర్చు సంఘం భరిస్తుందా అన్నది మీ జిల్లా నిధి, కార్యవర్గ తీర్మానం మీద ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: మా ఊళ్లో ఒక కుర్రవాణ్ణి స్టేషన్‌లో చితకబాదారు. సస్పెన్షన్ రాగానే ‘మావాడు అమాయకుడు’ అంటూ సంఘం నాయకులు వచ్చారు. ఇది సంఘమా, తప్పులకు గొడుగా?
– ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మాస్టారూ, మీ కోపం న్యాయమైనది. విచారణ సక్రమంగా జరగాలని, నిందితుడైన ఉద్యోగి మాట కూడా వినాలని అడగడం సంఘం బాధ్యత. విచారణ ముగియకముందే అమాయకుడని ప్రకటించడం ఆ బాధ్యతలో లేదు. అలా ప్రకటించినప్పుడు నష్టపోయేది దెబ్బలు తిన్న కుర్రవాడు ఒక్కడే కాదు; చేయి ఎత్తకుండా ముప్ఫై ఏళ్లు పనిచేసిన మిగతా సిబ్బంది పరువు కూడా పోతుంది. నేను కార్యవర్గంలో ఉన్నప్పుడు ఇలాంటి ఒక కేసులో సంతకం పెట్టనన్నాను. కొందరు మిత్రులు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. అయినా ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదే అనుకుంటున్నాను.

ఆ కుర్రవాడి తల్లిదండ్రులకు ఒక దారి చెప్పండి. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, పోలీసులపై ఫిర్యాదులు వినేందుకు రాష్ట్ర, జిల్లా స్థాయిలో ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఉండాలని ఆదేశించింది. మానవ హక్కుల కమిషన్‌కు కూడా రాయవచ్చు. వైద్య పరీక్ష కాగితాలు, ఫొటోలు భద్రపరచమనండి. అదే తీర్పు డీఎస్పీ, అంతకంటే కింది స్థాయివారి బదిలీలను పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు చూడాలని చెప్పింది. రాజకీయ నాయకుడి ఫోనుతో బదిలీ అయిన నిజాయతీపరుడైన ఎస్‌ఐ కోసం సంఘం ఆ తీర్పును పట్టుకుని నిలబడితే, మీరే ముందు చప్పట్లు కొడతారని నాకు తెలుసు.

ప్రశ్న: జీతంలోంచి సంఘానికి చందా పోతోంది. లెక్కలు అడిగితే ‘నీకెందుకు’ అన్నారు. అడగవచ్చా?
– హెడ్ కానిస్టేబుల్, కడప జిల్లా

జవాబు: అడగవచ్చు, అడగాలి. సర్వసభ్య సమావేశంలో జమాఖర్చుల పత్రం చదవమని ముందుగానే రాసి ఇవ్వండి. మీతోపాటు మరో పదిమంది సంతకాలు ఉంటే ‘నీకెందుకు’ అనే మాట మళ్లీ రాదు.

ప్రశ్న: మా అన్నయ్య హెడ్ కానిస్టేబుల్. ఎనిమిది నెలల కిందట గుండెపోటుతో పోయాడు. వదిన ఇంటర్ చదివింది. ఉద్యోగం వస్తుందన్నారు కానీ ఎవరిని అడగాలో తెలియడం లేదు. ఎస్పీ ఆఫీసుకు వెళ్లడానికి ఆమె భయపడుతోంది.
– మరణించిన ఉద్యోగి చెల్లెలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ఇక ఆలస్యం వద్దు. కారుణ్య నియామకానికి మరణించిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. మీ చేతిలో నాలుగు నెలలే ఉన్నాయి. ఈ పత్రిక అందిన రోజునే మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, కుటుంబంలో సంపాదించేవారు ఎవరూ లేరన్న పత్రం, వదినగారి చదువు, పుట్టినతేదీ పత్రాలు, ఆమెకు ఉద్యోగం ఇస్తే తమకు అభ్యంతరం లేదని మిగతా వారసుల సమ్మతి పత్రాలు సిద్ధం చేయడం మొదలుపెట్టండి. పేర్లలో అక్షరం తేడా ఉన్నా ఫైలు వెనక్కి వస్తుంది. సర్వీసు రిజిస్టరులో అన్నయ్య పేరు ఎలా ఉందో, వదిన పేరు ఎలా నమోదైందో ముందే చూసుకోండి. మా కాలంలో ఒక ఫైలు ‘లక్ష్మి’, ‘లక్ష్మీదేవి’ తేడా వల్ల ఏడు నెలలు ఆగిపోయింది. ఆ ఏడు నెలలూ ఆమె పిల్లల ఫీజు సంఘం నుంచే కట్టాం.

వదినగారిని ఒంటరిగా పంపకండి. జిల్లా సంఘం కార్యదర్శికి ఫోన్ చేసి, ఫలానా రోజు మాతో రావాలని అడగండి. ఇది ఆయన చేయవలసిన పనే. దరఖాస్తు ఇవ్వగానే రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. కుటుంబ పింఛను, గ్రాట్యుటీ, గ్రూప్ ఇన్సూరెన్సు, భద్రత పథకం సొమ్ము, జీపీఎఫ్ ఉంటే అది, వేటికవి వేరు ఫైళ్లు. ఒక్కోదానికి ఒక్కో ప్రతి దగ్గర పెట్టుకోండి. కార్యదర్శి రానంటే ఈ శీర్షికకే మళ్లీ రాయండి. మీ జిల్లాలో నాకు తెలిసిన పాతవాళ్లు ఇంకా ఉన్నారు, వారిలో ఒకరు వదినగారితో ఎస్పీ ఆఫీసు మెట్లెక్కుతారు.