గూళ్లు లెక్కపెట్టబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మడ అడవిలో కొంగల గూళ్లు లెక్కపెట్టడానికి వెళ్తున్నావని విని సంతోషించాను, కంగారూ పడ్డాను. నా మొదటి ఏడాది నేను శ్వాసవేర్ల మధ్య బురదలో నడుచుకుంటూ గూటి కిందికే వెళ్లాను. పైనున్న పిల్ల మెడ సాచి, మింగిన చేపలన్నీ కక్కేసింది. బెదిరితే అవి అలాగే చేస్తాయి. సగం అరిగిన వేలెడు చేపలు నా పాదాల మీద పడ్డాయి. తల్లీ తండ్రీ ఎంత తిరిగి తెచ్చిన మేతో అది! నేను అలా నిలబడి ఉండగానే పక్క గూట్లోంచి కాకి గుడ్డు ఎత్తుకుపోయింది.

అందుకే కాలువ అవతలి నుంచే, పడవలో కూర్చుని బైనాక్యులర్‌తో చూడు. ఎండ ముదరకముందే పని ముగించు. పెద్ద పక్షి లేచిపోతే నీడ లేక పసికూనలు సొమ్మసిల్లుతాయి. పోటు మీద వెళ్లు. ఆటు వేళ పెద్దవి చాలావరకు బురద మేటల్లో మేతకు పోతాయి. పైగా పిల్లకాలువలో పడవ ఇరుక్కుంటే గంటల తరబడి గూళ్ల కిందే ఉండిపోవాలి.

గూళ్లు కట్టే రోజుల్లో మాత్రం ఆ దరిదాపులకే పోవద్దు. పెద్ద తెల్లకొంగ కంటి ముందరి చర్మం ఆకుపచ్చకు తిరిగి, వీపు మీద సన్నని ఈకలు జాలువారుతుంటే అది జతకట్టే కాలం. మగది పుల్ల తెచ్చి అందిస్తుంది, ఆడది గూట్లో గుచ్చుతుంది. అప్పుడు బెదిరితే గూడే వదిలేసి పోవచ్చు. కాపలా లేని గూటి పుల్లలను ఇరుగుపొరుగు పక్షులు లాక్కుపోతాయి.

ఒకే గూట్లో పిల్లలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. కొంగ గుడ్లన్నీ పెట్టేదాకా ఆగకుండా ముందే పొదగడం మొదలుపెడుతుంది కాబట్టి, పిల్లలు ఒకదాని తర్వాత ఒకటిగా బయటికి వస్తాయి. పెద్దది చిన్నదాన్ని ముక్కుతో పొడిచి మేత దగ్గరికి రానివ్వదు. నువ్వు చూడలేవు, నేనూ చూడలేకపోయేదాన్ని. అయినా చెయ్యి పెట్టకు. మేత బాగా దొరికిన ఏడు ఆ చిట్టచివరిది కూడా బతకవచ్చు. అందుకని ఎన్ని పిల్లలున్నాయో రాసి ఊరుకోకుండా ఏది ఎంత ఉందో కూడా రాయి. నా దృష్టిలో గూళ్ల సంఖ్య కంటే ఆ వివరమే ఎక్కువ చెబుతుంది.

రెండు మూడు వారాలకు పిల్లలు గూడు దాటి కొమ్మలెక్కుతాయి. ఆ తర్వాత ఏది ఏ గూటిదో తేల్చలేవు. పిల్లల లెక్క అంతకు ముందే పూర్తికావాలి.

కొంగలు చేస్తున్న పని మాని, మెడలు నిటారుగా నిలిపి నీ వైపు చూశాయంటే మరీ దగ్గరికి వచ్చావన్నమాట. ఎన్ని గూళ్లు మిగిలినా సరే, పడవ వెనక్కి తిప్పించు.

ప్రేమతో,
నీ మేనత్త